అమ్మమ్మ మింగిన గుండుసూది

అమ్మమ్మ నోరు ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. అందులో మాటలైనా ఉండేవి, గుండుసూదులైనా ఉండేవి. రెండింట్లో ఏది ఎక్కువ ప్రమాదమో తేల్చుకోలేక కార్ఖానా మేస్త్రీ సగం జుట్టు పోగొట్టుకున్నాడని పెద్దమ్మమ్మ అనేది.

పెద్దమ్మమ్మ అంటే అమ్మమ్మకు తోడికోడలు, తాతకు వదిన. పెద్దతాత చిన్న వయసులోనే జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. పుట్టింటివాళ్ళు రమ్మంటే, అక్కడ నాతో మాట్లాడేవాళ్ళెవరున్నారని ఇక్కడే ఉండిపోయిందట. ఇక్కడ మాత్రం ఆమెతో మాట్లాడే అవకాశం ఎవరికి దొరికింది గనక? వినడమే సరిపోయేది. తోడికోడళ్ళిద్దరూ ఒకే వంటింట్లో వండుకునేవారు, ఒకే గొడుగు కింద పనికి వెళ్ళేవారు, అక్కడ ఒకే బల్లకు అటొకరూ ఇటొకరూ కూర్చునేవారు.

అది చంటిపిల్లల బట్టలు కుట్టే కార్ఖానా. పొడవాటి రేకుల షెడ్డు. ఒక చివర గుడ్డ కత్తిరించేవాళ్ళు, నడుమ కుట్టుమిషన్ల వరస, రెండో చివర ఇస్త్రీ బల్లలు. కత్తిరించిన ముక్కలు మిషను మీదికి వెళ్ళేముందు మెడ దగ్గరా చంకల దగ్గరా కుదురుగా మడిచి, గుండుసూదులు గుచ్చిపెట్టాలి. చొక్కా అంతా కలిపి రెండు అరచేతులంత ఉండదు, దానికి మళ్ళీ మెడపట్టీ, చేతులకు అంచు, ముందు పక్క కుచ్చు. ఆ పని అందరికీ చేతకాదు. అందుకని షెడ్డులో సూదుల బల్లకు కాస్త గొప్ప. కిటికీ పక్కన వెలుతురు, తల మీద ఫ్యాను, కూర్చునే పని.

అమ్మమ్మ ఎడమచేత్తో గుడ్డ పట్టుకుని, కుడిచేత్తో మడత పెట్టి, పెదవుల మధ్య నుంచి సూది లాగి గుచ్చేది. నోరు ఆమెకు మూడో చెయ్యి. బల్ల మీది సూదుల దిండుకున్న సూదిని తియ్యడానికి చెయ్యి అంత దూరం చాపడమెందుకని ఆమె వాదన. కార్ఖానాలో అది ఖచ్చితంగా నిషేధం. గోడ మీద బొమ్మ వేసి మరీ పెట్టారు. అయినా సూదుల పని చేసేవాళ్ళలో నోట్లో సూది పెట్టుకోనివాళ్ళు లేరు. మేస్త్రీ అటు తిరిగితే నోట్లోకి, ఇటు తిరిగితే దిండులోకి.

సూదులకు ఇంకో నియమం ఉంది. పొద్దున మేస్త్రీ ఎదురెదురు ఇద్దరికీ కలిపి ఒక దిండుకు లెక్కపెట్టి గుచ్చి ఇస్తాడు, సాయంత్రం లెక్కపెట్టి తీసుకుంటాడు. ఒక్కటి తగ్గినా దొరికేదాకా ఎవరూ గడప దాటకూడదు. పోయిన సూది ఏ చొక్కా మడతలోనో ఉండిపోతే, ఎక్కడో ఏ తల్లో తన బిడ్డకు ఆ చొక్కా తొడుగుతుంది. ఆ సంగతి అందరికంటే ఎక్కువగా చెప్పేది అమ్మమ్మే. కొత్తగా చేరినవాళ్ళను కూర్చోబెట్టి, "మన సూది ఒక పసిదాని ఒంట్లో దిగిందనుకో, మనం మనుషులమేనా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. నోట్లోని సూదులు తీసి చెప్పేదా, పెట్టుకునే చెప్పేదా అన్నది ఎవరూ చెప్పరు.

అమ్మ కడుపున పడ్డాక మేస్త్రీ ఒకసారి అమ్మమ్మను పట్టుకున్నాడు. పెదవుల మధ్య సూదులు మీసాల్లా నిక్కి ఉన్నాయి. ఆయన అప్పుడే కట్టుడుపళ్ళు పెట్టించుకున్నాడు, కొన్ని అక్షరాలకు నోట్లోంచి ఈల వచ్చేది. కడుపుతో ఉన్నదానివి, ఇంకోసారి నోట్లో సూది కనబడితే ఇంటికి పంపించేస్తానని ఈల వేస్తూ తిట్టాడు. పెద్దమ్మమ్మ లేచి నిలబడి, ఇక పెట్టదు మేస్త్రీగారూ, పూచీ నాదన్నది. ఆమె మాట మీద ఊరుకున్నాడు.

ఆ పూచీ పట్టుమని వారం కూడా నిలవలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరికీ కాస్త మత్తుగా ఉండే వేళ. మేస్త్రీ గోదాములోకి వెళ్ళాడు. అమ్మమ్మ మూడో చెయ్యి పని మొదలుపెట్టింది. ఎదురుగా కూర్చున్న పెద్దమ్మమ్మ తల వంచి పని చేసుకుంటూనే, మేస్త్రీ ఇంట్లో భార్యను కూర ఎలా అడుగుతాడో ఈలతో సహా అభినయించింది. అమ్మమ్మకు నవ్వొచ్చింది. నోట్లో సూదులున్నప్పుడు నవ్వు రాకుండా బుగ్గలు బిగబట్టడం అలవాటే, కానీ ఈసారి నవ్వు ముక్కులోంచి బయటపడి, ఆ వెంటనే ఒక గుటక లోపలికి పోయింది. మిగతా సూదులు ఒళ్ళో పడ్డాయి. ఒకటి పడలేదు. గొంతులో ఎక్కడో గీసుకుంటూ దిగింది.

చెంబెడు నీళ్ళు తాగింది. డబ్బాలో మిగిలిన అన్నం ముద్ద నమలకుండా మింగింది.

"ఏమైందే?" అంది పెద్దమ్మమ్మ.

"పొలమారింది అక్కా."

సాయంత్రం లెక్కలో సూది తగ్గింది. తలుపులు మూశారు. కర్రకు కట్టిన అయస్కాంతంతో నేలంతా గీకారు. ఆ రోజు గుచ్చిన చొక్కాలన్నీ కట్టలు విప్పి, ఒక్కో మడతా వేళ్ళతో నొక్కి చూశారు. ఇళ్ళ దగ్గర పిల్లల్ని వదిలి వచ్చినవాళ్ళు గొణిగారు, బస్సు పోతుందన్నవాళ్ళు శాపనార్థాలు పెట్టారు. అమ్మమ్మ కూడా వెతికింది. అంత కడుపేసుకుని మోకాళ్ళ మీద వంగి, కడుపులో ఉన్నదాన్ని బల్ల కింద వెతికింది.

మేస్త్రీ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. నోట్లో పెట్టుకున్నావా అని అడిగాడు. అమ్మమ్మ నోరు తెరవబోయేలోపే పెద్దమ్మమ్మ అందుకుంది.

"పెట్టలేదు. ఎదురుగా కూర్చున్నదాన్ని, నాకు కనబడదా?"

ఆమె నిజంగానే చూడలేదు. మేస్త్రీని అభినయించేటప్పుడు తల వంచుకునే ఉంది, ఎవరికీ అనుమానం రాకూడదని. అబద్ధం చెబుతున్నానని కూడా ఆమెకు తెలియదు. అలాగైతే కబుర్లలో పడి పోగొట్టింది నువ్వేనన్నాడు మేస్త్రీ. రేపటి నుంచి సూదుల బల్ల వద్దు, ఇస్త్రీకి పొమ్మన్నాడు.

అప్పుడొక్క మాట అంటే సరిపోయేది. అమ్మమ్మ ఆ మాట నాలుక చివరిదాకా తెచ్చుకుని, సూదిని మింగినట్టే దాన్నీ మింగేసింది. పని పోతుందన్న భయం ఒకటి. అంతకంటే పెద్దది, తనకు పూచీ పడ్డ మనిషి ముఖం అందరి ముందూ ఎలా మారుతుందో చూడాల్సి వస్తుందన్న భయం. రేపు చెబుదామనుకుంది. రేపు వచ్చేసరికి నిన్న ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న కూడా వచ్చి కూర్చుంది. ఎల్లుండికి ఆ ప్రశ్న ఇంకా లావెక్కింది.

ఇస్త్రీ బల్ల దగ్గర ఫ్యాను ఉండదు, గాలికి చొక్కాలు ఎగిరిపోతాయని. రోజంతా నిలబడే ఉండాలి. పెద్దమ్మమ్మ సాయంత్రానికి ముఖం కందిపోయి, పాదాలు వాచి ఇంటికొచ్చేది. కొళాయి దగ్గర వీధి ఆడవాళ్ళు, ఏమ్మా, సూది దొరికిందా అని నవ్వేవారు. దొరికితే మీ మూతులు కుట్టకపోతానా అని ఆమె కూడా నవ్వేది. ఇంట్లోకి వచ్చాక మాత్రం గోడ వైపు తిరిగి కూర్చునేది. ఇన్నేళ్ళ పనిలో ఆమె సూది ఒక్కటీ పోలేదు, అది ఆమెకు నగలాంటిది. అమ్మమ్మ వేడినీళ్ళు కాచి ఆమె పాదాల దగ్గర పెట్టేది. ఎందుకే, వంగకు, కడుపుతో ఉన్నావని పెద్దమ్మమ్మ ఆమె చేతిలోంచి గిన్నె లాక్కునేది. అమ్మమ్మకు తల కొట్టేసినట్టుండేది.

నొప్పి ఆ తర్వాత వచ్చింది. సూది సంగతి కాస్త మరుపున పడి, అది ఏనాడో దాని దారిన పోయుంటుందిలే అని అమ్మమ్మ మనసుకు నచ్చజెప్పుకున్నాక వచ్చింది. మొదట కుడిపక్క డొక్కలో ఎవరో గిల్లినట్టు. తర్వాత మెలిపెట్టినట్టు. గోడ పట్టుకుని నిలబడితే కాసేపటికి తగ్గేది, తగ్గిందనుకుంటే మళ్ళీ వచ్చేది.

తాత గ్యాస్ పొయ్యిలు బాగుచేసేవాడు. రోజూ ఇంటింటికీ తిరిగి గొట్టాలు విప్పి చూసే మనిషి కాబట్టి ఆయనకు లోకంలో ఏ తేడా వచ్చినా గ్యాసే. అమ్మమ్మ నొప్పి విని, ఎక్కడో అడ్డుపడి ఉంటుంది, వాము నమలమన్నాడు. పెద్దమ్మమ్మకు ఒళ్ళు మండి, అది మనిషి మరిదీ, నీ పొయ్యి కాదని వీధి చివర ఉండే నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. నర్సమ్మ కడుపు నొక్కి చూసి, పొట్ట పెరుగుతుంటే నరాలు లాగుతాయి, మామూలేనన్నది.

అమ్మమ్మకు ప్రాణం లేచొచ్చింది. మామూలేనట. నొప్పి అలాగే ఉంది, అయినా లేచొచ్చింది.

అక్కడి నుంచి అదొక వరస అయిపోయింది. ఒక డాక్టరు మూత్రంలో చీము అన్నాడు, మాత్రలిచ్చాడు. మాత్రలు వేసుకున్నన్నాళ్ళు కాస్త తగ్గింది, అయిపోగానే ఇంకా గట్టిగా తిరగబెట్టింది. ఇంకో డాక్టరు పిత్తాశయంలో రాయి ఉందేమోనని స్కానింగ్ రాశాడు. స్కానింగ్ గదిలో చల్లటి జిగురు రాసి చూసినామె, బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది, రాయీ లేదు రప్పా లేదని చెప్పింది. తెర మీద అమ్మ కాళ్ళు ఆడిస్తూ కనిపించింది. అమ్మమ్మ మాత్రం బిడ్డను చూడలేదు. ఆ బూడిదరంగు మసకలో సన్నటి గీత ఏదైనా కనబడుతుందేమోనని చూసింది. ఆమె లెక్కలో కడుపంటే ఒకే గది. సూదీ బిడ్డా అందులోనే ఉన్నాయి. ఊరందరి పిల్లల చొక్కాల్లో సూది ఉండకూడదని పాఠాలు చెప్పిన తనే, సొంత బిడ్డను సూదితో కలిపి ఒకే గదిలో పెట్టి గడియ వేసింది. కళ్ళు మూసుకుంటే చాలు, పిల్ల ఆ సూదిని గుప్పిట్లో పట్టుకుని ఆడుకుంటున్నట్టు కనబడేది.

ప్రతి డాక్టరూ అడిగిన ప్రశ్న ఒకటే ఉండేది. ఏం తిన్నావు, తినకూడనిది ఏదైనా తిన్నావా? అమ్మమ్మ తల అడ్డంగా ఊపేది. పక్కన పెద్దమ్మమ్మ ఉండేది మరి. ఇస్త్రీ బల్ల దగ్గర సెలవు చెప్పి, తిట్లు తిని, ప్రతి ఆసుపత్రికీ వెంట వచ్చేది. చీటీ తీసుకునే వరసలో తను నిలబడి అమ్మమ్మను బెంచీ మీద కూర్చోబెట్టేది. లోపల అమ్మమ్మ నోరు విప్పే పనే లేకుండా నొప్పి ఎప్పుడొస్తుందో, ఎలా ఉంటుందో, ఎన్నిసార్లు లేచిందో అన్నీ ఆమే చెప్పేది. నొప్పి తనకే వచ్చినట్టు ముఖం కూడా పెట్టేది. ఈమె లేకుండా ఒక్కసారి డాక్టరు దొరికితే చెప్పేద్దునని అమ్మమ్మ అనుకునేది. ఒకసారి దొరికాడు కూడా. పెద్దమ్మమ్మ మందుల కోసం వెళ్ళిన ఆ కాస్తలో డాక్టరు ముఖం వంక చూసి, నీరసంగా ఉంటోందండీ అన్నది. అంతే పెగిలింది.

ఒక పెద్ద వయసు డాక్టరుగారు కాగితాలన్నీ తిరగేసి, ఏ జబ్బూ లేదు, మొదటి కాన్పు భయం, అంతా మనసులోనే ఉందన్నాడు. ఆ మాట కార్ఖానాకు ఎలా చేరిందో చేరింది. పని ఎగ్గొట్టడానికి వేషాలని ఒకామె అంటే పెద్దమ్మమ్మ ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకునే ఆమె మీదికి వెళ్ళిందట. మేస్త్రీ ఈల వేసుకుంటూ అడ్డుపడకపోతే ఆ రోజు ఒక చీరకు చిల్లు పడేదే. అదంతా ఇంటికొచ్చి చెబుతుంటే అమ్మమ్మ దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. నొప్పొచ్చిందేమోనని పెద్దమ్మమ్మ వీపు రాసింది. వద్దక్కా, నన్ను ముట్టుకోకని అమ్మమ్మ అంటే, నీ భయం పాడుగాను, భయానికి వీపు రాస్తే తప్పేముందన్నది.

తర్వాత జ్వరం పట్టుకుంది. నీళ్ళు తాగినా వాంతి. నొప్పి ఇక వచ్చిపోవడం మానేసి అక్కడే కాపురం పెట్టింది. తాత ఆటో తెచ్చాడు, దారంతా గ్యాసు మాట ఎత్తలేదు. పెద్దాసుపత్రిలో ఆకుపచ్చ తెర కట్టిన మంచం మీద పడుకోబెట్టారు. ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ వచ్చింది. కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి పెట్టుకుని, అమ్మమ్మ కడుపు మీద నెమ్మదిగా వేళ్ళు పెట్టి జరుపుతూ వచ్చి, ఒకచోట నొక్కి పట్టి చటుక్కున తీసింది. నొక్కినప్పటికంటే తీసినప్పుడు అమ్మమ్మకు కళ్ళు బైర్లు కమ్మాయి.

లోపల ఏదో చీము పడుతోంది, తెరిచి చూడాల్సిందేనన్నది డాక్టరమ్మ. అయితే ఏడో నెల కడుపు, అన్నీ ఉండాల్సిన చోట ఉండవు, బిడ్డ వాటిని పైకీ పక్కకీ నెట్టేసి ఉంటుంది. ఎక్కడ వెతకాలో తెలియకుండా కోస్తే వెతికినకొద్దీ బిడ్డకు ప్రమాదం. తెరవకపోతే ఇద్దరికీ ప్రమాదం. అంతా చెప్పి స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇంకొక్కసారి ఆలోచించి చెప్పమ్మా. అన్నం కానిది ఏదైనా లోపలికి పోయిందా? మట్టి, సుద్ద, గింజ, ఏదైనా సరే. నేనేమీ అనను."

అమ్మమ్మ పైకప్పు చూస్తోంది. పెద్దమ్మమ్మ మంచం ఇవతలి పక్క నిలబడి ఉంది, అమ్మమ్మ చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని.

"అలాంటిదేమీ లేదు డాక్టరమ్మగారూ. దీని సంగతి నాకు తెలుసు. నాకు చెప్పకుండా మంచినీళ్ళు కూడా తాగదు. కావాలంటే పూచీ నాది."

మళ్ళీ పూచీ. అమ్మమ్మ చెయ్యి లాక్కుంది.

"గుండుసూది మింగాను" అంది.

తెర అవతల ఎవరో మందుల బండి తోసుకుపోతున్నారు.

"ఎప్పుడు?" అంది డాక్టరమ్మ.

"కార్ఖానా లెక్కలో సూది తగ్గిన రోజు. అక్కను ఇస్త్రీకి పంపిన రోజు." అమ్మమ్మ డాక్టరమ్మకే చెబుతోంది, పక్కకు తిరగలేదు. "నోట్లో పెట్టుకున్నాను. నవ్వొచ్చి మింగేశాను. అక్క పోగొట్టలేదు."

పెద్దమ్మమ్మ ఏం చేస్తుందోనని కాచుకుంది. తిడుతుందనుకుంది. జుట్టు పట్టుకున్నా సరేననుకుంది. డాక్టరమ్మ సూది ఎంత ఉంటుంది, ఇనుముదేనా, తల ఎలా ఉంటుందని గబగబా అడుగుతోంది. అమ్మమ్మ వేళ్ళతో చూపించబోతే ఒక్కోసారి ఒక్కో కొలత వచ్చింది. అప్పుడు పక్కకు చూసింది. పెద్దమ్మమ్మ లేదు. తెర మాత్రం కదులుతోంది.

మామూలుగా కడుపుతో ఉన్నవాళ్ళకు ఎక్స్‌రే తియ్యరు. ఇప్పుడు ఏం వెతకాలో తెలిసింది కాబట్టి ఒక్కటి తీస్తే తప్పులేదన్నది డాక్టరమ్మ. చక్రాల మంచం మీద తీసుకెళ్ళి తీశారు. ఆ ఫిల్ము తడిగా ఉండగానే వెలుతురు పెట్టె మీద పెట్టి చూశారు. అమ్మ వెన్నెముక ముత్యాల దండలా వంపు తిరిగి ఉంది. దానికి దూరంగా, గర్భసంచి బయట, పక్కటెముకలకు కాస్త దిగువన, తెల్లటి గీత ఒకటి తల పైకెత్తుకుని ఉంది. అదే గదిలో లేదు. బిడ్డ వేరే గదిలో ఉంది. అమ్మమ్మకు ఏడుపు అప్పుడొచ్చింది.

ఆపరేషను గదికి తీసుకెళ్ళేముందు పెద్దమ్మమ్మ చెమటలు కక్కుకుంటూ వచ్చింది. చీర చెంగు ముడి విప్పి, అందులోంచి ఒక గుండుసూది తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

"దీని జతది" అంది. "ఇదే కొలత."

కార్ఖానాకు పరుగెత్తి వెళ్ళి తెచ్చింది. అమ్మమ్మ వంక చూడలేదు.

సూది ఉండుకంలో దిగబడి ఉంది. పేగు చివర తోకలా వేలాడే ఆ ముక్క, బిడ్డ నెట్టడంతో ఉండాల్సిన చోటికంటే బాగా పైకి జరిగింది, అందుకే నొప్పి ఒకచోటా అందరి అనుమానం ఇంకోచోటా. డాక్టరమ్మ సూటిగా అక్కడే చిన్న కోత పెట్టి, ముక్కనూ సూదినీ తీసేసింది. మెలకువ వచ్చేసరికి మంచం పక్కన చిన్న సీసాలో నల్లగా తుప్పుపట్టిన గుండుసూది ఉంది. కడుపులో అమ్మ గట్టిగా ఒక తన్ను తన్నింది, ఇన్నాళ్ళ బాకీ తీర్చుకున్నట్టు.

పెద్దమ్మమ్మ అక్కడే ఉంది. అమ్మమ్మ ముఖం తుడిచింది, గంజి తాగించింది, బట్టలు మార్చింది, మూత్రం డబ్బా ఎత్తింది. అన్నీ చేసింది. మాట్లాడలేదు. ఒకనాడు కాదు, రెండునాళ్ళు కాదు, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ, ఇంటికొచ్చాక కూడా. పక్క మంచాలవాళ్ళతో మాట్లాడేది, నర్సులతో జోకులేసేది, అమ్మమ్మ దగ్గరికొచ్చేసరికి రేడియో ఆపినట్టు ఆగిపోయేది. అక్కా అని పిలిస్తే గ్లాసు అందించేది. డొక్కలో నొప్పి అయితే మందుంది, దీనికి ఏ డాక్టరు దగ్గరికి పోవాలో అమ్మమ్మకు తెలియలేదు.

తాత ఒకరోజు పొయ్యి గొట్టం తుడుచుకుంటూ మాటల్లో అసలు సంగతి బయటపెట్టాడు. ఆ రోజు సూది కావాలంటే మేస్త్రీ ఇవ్వనన్నాడట, లెక్క ఎవరు చెబుతారన్నాడట. అప్పుడు వదిన, నేను పోగొట్టినదానికి జత చూపించాలి, దీన్నీ నా మీదే వేసుకోండి, ఇస్త్రీ పని కూడా తీసేస్తే తీసెయ్యండి అన్నదట. నీ పేరు ఎత్తలేదు, ఎత్తితే నీ పని పోతుందని.

అమ్మమ్మ చేతిలో అన్నం ముద్ద కంచంలోకి జారిపోయింది. ఆ మనిషి తనతో మాట్లాడనంత కోపంతో ఉండి కూడా అబద్ధం మాత్రం తనకోసమే మోసింది. అది కూడా ఈసారి తెలిసి మోసింది.

కుట్లు విప్పిన మర్నాడు పొద్దున పెద్దమ్మమ్మ పనికి బయలుదేరాక అమ్మమ్మ కూడా సీసా కొంగున కట్టుకుని బయలుదేరింది. కడుపు ముందు, తను వెనక, ఒక చెయ్యి డొక్క మీద. షెడ్డు గుమ్మంలో మిషన్ల చప్పుడు వినగానే ఆగిపోయింది. వెనక్కి తిరిగింది కూడా. రెండడుగులు వేసి మళ్ళీ తిరిగింది.

మేస్త్రీ దిండ్లు పంచుతున్నాడు. అమ్మమ్మ సూదుల బల్ల మీద సీసా పెట్టింది. గట్టిగానే చెప్పాలనుకుంది, గొంతు చిన్నదై వచ్చింది. అవతలివాళ్ళు వినబడలేదన్నారు. మిషన్లు ఒక్కోటీ ఆగాయి. దాంతో రెండోసారి చెప్పాల్సి వచ్చింది. ఒకసారి చెప్పడానికి దాచుకున్న ధైర్యం అప్పటికే అయిపోయింది, రెండోసారి ఉత్త సిగ్గుతోనే చెప్పింది.

"సూది నేనే మింగాను. ఆ రోజు మీరంతా వెతుకుతుంటే నేను కూడా వెతికాను. అక్క తప్పేమీ లేదు. ఇన్నాళ్ళూ ఆమె నిలబడింది, నేను కూర్చున్నాను."

ఆ సాయంత్రం బస్సు తప్పిపోయినవాళ్ళు, పిల్లలు ఏడ్చినవాళ్ళు, అందరూ ఆమెనే చూశారు. కొత్తవాళ్ళకు పాఠాలు చెప్పే మనిషి. ఒకామె పళ్ళు నూరింది, ఇంకొకామె పైట నోట్లో కుక్కుకుని నవ్వింది. అమ్మమ్మ చెవులు కాలిపోయాయి. మేస్త్రీ సీసా ఎత్తి వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. తర్వాత తన డబ్బా తెరిచి, దాన్ని అందులో పెట్టుకుని మూత వేశాడు. లెక్క సరిపోయిందన్నాడు, పెద్ద ఈలతో.

ఆ ఈలకు నవ్వనివాళ్ళు లేరు, అమ్మమ్మ తప్ప. నవ్వొస్తేనే కదా ఇంత జరిగింది.

సూదుల బల్ల ఆమెకు అక్కడితో చెల్లిపోయింది. కాన్పయ్యాక రావాలనుకుంటే వచ్చి దారాలు కత్తిరించుకోమన్నాడు మేస్త్రీ, షెడ్డు చివర, ఇస్త్రీ బల్లల పక్కన. అది కూడా దొరుకుతుందని ఆమె అనుకోలేదు. తల ఊపి గుమ్మం వైపు తిరిగింది.

ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి పెద్దమ్మమ్మ వస్తోంది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ, తొందరేమీ లేకుండా, అన్ని మిషన్ల మధ్య నుంచీ వచ్చి అమ్మమ్మ ఎదురుగా నిలబడింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఇస్త్రీ వేడికేనని తర్వాత చెప్పుకుంది.

"ఏదీ, నోరు తెరు" అంది.

అమ్మమ్మకు అర్థం కాలేదు.

"తెరవ్వే. ఇంకేమున్నాయో చూడనీ."

అందరి ముందూ, ఏడో నెల దాటిన కడుపుతో, అమ్మమ్మ చంటిపిల్లలా నోరు తెరిచింది. పెద్దమ్మమ్మ గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, ఎడమ బుగ్గ, కుడి బుగ్గ, నాలుక కింద, అన్నీ తీరిగ్గా చూసింది. అమ్మమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారి పెదవుల మీదికి పోతున్నాయి.

"సరే, మూసుకో" అంది పెద్దమ్మమ్మ. "ఇంటికి పో. మధ్యాహ్నం నేనొచ్చి వండుతాను, పొయ్యి ముట్టుకోకు."

అమ్మ నెలలు నిండి, ఏ గీతా లేకుండా పుట్టింది. పెద్దమ్మమ్మ సూదుల బల్లకు తిరిగి వెళ్ళి, చేతకానప్పటిదాకా అక్కడే పనిచేసింది. అమ్మమ్మ దారాలు కత్తిరించింది. కొత్తవాళ్ళకు పాఠాలు చెప్పడం మానేసింది. ఎవరైనా నోట్లో సూది పెట్టుకుంటే మేస్త్రీకి చెప్పేది కాదు, వెళ్ళి వాళ్ళ ఎదురుగా నిలబడి, కొంగు కాస్త పక్కకు జరిపి డొక్క మీది మచ్చ చూపించి వచ్చేది. అలా చూపించేటప్పుడు ఆమె ముఖం మాత్రం ఎటో ఉండేది.

ఇప్పుడు ఇద్దరికీ పళ్ళు తక్కువ, మాటలు ఎక్కువ. మనవల చొక్కాలకు గుండీలు ఊడితే అమ్మమ్మే కుడుతుంది. కుట్టడం అయిపోగానే గోడ పక్క మంచం మీద నుంచి, ఏదీ, నోరు తెరు అని పెద్దమ్మమ్మ కేక వేస్తుంది. అమ్మమ్మ గుండీ వేసుకునే పిల్లల ముందూ, పాలవాడు వచ్చి నిలబడితే వాడి ముందూ, సిగ్గుపడుతూనే లేచి వెళ్ళి ఆమె మంచం పక్కన వంగి నోరు తెరుస్తుంది. పెద్దమ్మమ్మకు రెండు కళ్ళకూ శుక్లాలు. ఆ నోట్లో గునపం ఉన్నా కనిపించదు. అయినా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, ఎడమ బుగ్గ, కుడి బుగ్గ, నాలుక కింద, అన్నీ చూస్తుంది. ఆమె సరే, మూసుకో అనేదాకా అమ్మమ్మ కదలదు.